గురుడికి ఎదురు నడక

మా గోదావరి వైపు కాలాన్ని పుష్కరాలతో కొలిచే అలవాటు ఇంకా పోలేదు. “పోయిన పుష్కరాల ముందేడు మా పెద్దమ్మాయి పెళ్ళి చేశాం”, “అంతకు ముందు పుష్కరాలకి వీడు చంకలో పిల్లాడు” అంటూ ఉంటారు. ఆ కొలతకి మూలం ఆకాశంలో ఉంది. బృహస్పతి సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరం, కన్యలోకి వస్తే కృష్ణకి. సూర్యుడి చుట్టూ ఒక చుట్టు పూర్తి చేయడానికి ఆ గ్రహానికి పట్టే కాలం 11 ఏళ్ళ 10 నెలల పైచిలుకు. దాన్ని పన్నెండేళ్ళుగా సర్ది, పన్నెండు రాశుల్నీ పన్నెండు నదులకి పంచి, నీళ్ళలో మునిగి లెక్కపెట్టుకున్న జనం మనం. ఒక మహాగ్రహం నడిచే దారిని ఇంతగా ఇంట్లోకి తెచ్చుకున్నాం కాబట్టి, ఆ దారిలో దానితోపాటు ఇంకెవరు నడుస్తున్నారో తెలుసుకోవాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

గోదావరికి కిందటి పుష్కరాలు 2015 జూలైలో వచ్చాయి. అదే ఏడాది జనవరిలో, పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయిలోని మావి దీవిలో, హాలేఅకలా పర్వతం మీది పాన్-స్టార్స్ టెలిస్కోపు ఒక మసక చుక్కని పట్టుకుంది. 1.8 మీటర్ల అద్దం, 140 కోట్ల పిక్సెళ్ళ కెమెరా ఉన్న యంత్రం అది. ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీస్తుంది. నక్షత్రాల మధ్య చోటు మారిన చుక్క ఏదైనా ఉంటే ఆ ఫొటోల్లో బయటపడుతుంది. అలా దొరికిన ఈ గ్రహశకలానికి 2015 బీజెడ్509 అని గుర్తు పెట్టారు. ఆ గుర్తులో ఒక లెక్క దాగి ఉంది. ‘బీ’ అంటే జనవరి నెల రెండో సగం; తర్వాతి అక్షరాన్నీ అంకెల్నీ కలిపి విప్పితే, ఆ అరనెల వరసలో దీని స్థానం 12,750 అని తేలుతుంది. అంత రద్దీలో ఒక రాయి. వెడల్పు మూడు కిలోమీటర్లు ఉండొచ్చని అంచనా. తర్వాత హవాయి భాషలో చదువుకునే పిల్లలూ ఆ భాష పెద్దలూ కలిసి దీనికి కాఎపాఒకాఆవేలా అని చక్కటి పేరు పెట్టారు, బృహస్పతికి ఎదురు తిరిగే అల్లరి నేస్తం అనే అర్థంలో. మన నోటికి సులువుగా ఉండడానికి దీన్ని ఎదురురాయి అని పిలుచుకుంటాను.

ఎదురురాయి సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు బృహస్పతికి పట్టినంత కాలమే పడుతుంది. ఇద్దరి దారీ సగటున ఒకే దూరంలో ఉంటుంది. తిరిగే దిక్కు మాత్రం పూర్తిగా వేరు. బృహస్పతి ఎటు నడుస్తుంటే ఇది సరిగ్గా దానికి ఎదురుగా నడుస్తుంది.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. గురువు వక్రించాడు, శని వక్రించాడు అని మనం వింటూ ఉంటాం. ఏటా దాదాపు నాలుగు నెలలు గురుడు ఆకాశంలో వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు. లోపలి దారిలో వేగంగా పోయే భూమి ఆయన్ని దాటి ముందుకు పోవడం వల్ల మన కంటికి అలా తోస్తుంది. ఆయన ఆగడు, వెనక్కి తిరగడు. ఎదురురాయి నడక అటువంటి కంటి భ్రమ కిందికి రాదు. సూర్యుడి మీద నిలబడి చూసినా అది ఎదురే.

అది ఎంత అరుదో తెలియాలంటే మిగతావాళ్ళందరూ ఒకే వైపు ఎందుకు తిరుగుతారో గుర్తు చేసుకోవాలి. 460 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ ఉన్నది మెల్లగా సుడి తిరిగే ధూళి, వాయువుల మేఘం. అది కుంచించుకుపోతూ పళ్ళెంలా పరుచుకుంది. నడుమ సూర్యుడు వెలిగాడు, చుట్టూ గ్రహాలు గట్టిపడ్డాయి. మేఘం ఎటు సుడి తిరిగిందో ఎనిమిది గ్రహాలూ ఈనాటికీ అటే తిరుగుతున్నాయి. లక్షల సంఖ్యలో ఉన్న గ్రహశకలాలూ అంతే. వాటిలో ఎదురు తిరిగేవి పది వేలకి ఒకటి చొప్పున ఉంటాయేమో. తోకచుక్కల్లో ఈ నడక ఎక్కువ. మన హేలీ తోకచుక్క కూడా ఎదురు తిరిగేదే. గ్రహశకలాల్లో ఆ నడక మొదట కనిపించినది 1999లో దొరికిన డియోరెట్సా. కానీ ఎదురు తిరుగుతూ ఒక గ్రహం దారిలోనే ఉంటున్నది, దాని కాలంతోనే కాలం కలిపినది, ఎదురురాయి వచ్చేదాకా ఒక్కటీ లేదు.

తప్పుదారి, రాంగ్ రూట్ అని దీని గురించి రాసినవాళ్ళున్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఉత్తరం వైపు, ధ్రువనక్షత్రం ఉన్న పైవైపు నుంచి చూస్తే గ్రహాలన్నీ సూర్యుణ్ణి ఎడమచేతి వైపు ఉంచుకుని తిరుగుతాయి. గుళ్ళో మనం చేసే ప్రదక్షిణంలో దేవుడు మన కుడిచేతి వైపు ఉంటాడు. మన గుడి పద్ధతిని అలా పైనుంచి చూసి పోలిస్తే, ప్రదక్షిణం చేస్తున్నది ఎదురురాయే. భూమితో సహా మిగతా అందరం అప్రదక్షిణంగా పోతున్నాం. దక్షిణం వైపు నుంచి చూస్తే ఇదంతా తారుమారవుతుంది. అంతరిక్షంలో పైన, కింద అనేవి లేవు. కాబట్టి తప్పు దిక్కు, ఒప్పు దిక్కు అనేవీ ఉండవు. ఎక్కువమంది నడిచే దిక్కు, తక్కువమంది నడిచే దిక్కు అనేవి ఉంటాయి, అంతవరకే.

బృహస్పతి దారిని పంచుకునేవాళ్ళలో పేరున్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ కథ 1772లో మొదలవుతుంది. అప్పుడు బెర్లిన్‌లో ఉన్న గణితజ్ఞుడు లగ్రాంజ్, మూడు గోళాలు ఒకదాన్నొకటి లాక్కుంటుంటే ఏం జరుగుతుందన్న చిక్కుప్రశ్న మీద పనిచేస్తూ, ఒక అందమైన జవాబు కనుక్కున్నాడు. సూర్యుడు, ఒక పెద్ద గ్రహం, ఒక చిన్న రాయి సమబాహు త్రిభుజపు మూడు కొనల్లో ఉంటే, ఆ త్రిభుజం చెదరకుండా అలా తిరుగుతూనే ఉండగలదు. ఇది కాగితం మీద ముచ్చటే తప్ప ప్రకృతిలో ఉండదని ఆయనే అనుకున్నాడు. 134 ఏళ్ళ తర్వాత, 1906 ఫిబ్రవరిలో, హైడెల్‌బర్గ్‌లో మాక్స్ వోల్ఫ్ ఫొటో పలక మీద బృహస్పతికి 60 డిగ్రీలు ముందు నడిచే రాయి ఒకటి దొరికింది. దానికి అఖిలీస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత దొరికినవాటికీ ట్రాయ్ యుద్ధవీరుల పేర్లు పెట్టుకుంటూ వచ్చారు. గురుడికి ముందు నడిచేది గ్రీకుల దండు, వెనక నడిచేది ట్రాయ్ దండు. ఈ విభజన కుదరకముందే పేర్లు పెట్టడం వల్ల ట్రాయ్ వీరుడు హెక్టర్ గ్రీకుల మధ్యా, గ్రీకు వీరుడు పాట్రోక్లస్ ట్రాయ్ వాళ్ళ మధ్యా ఉండిపోయారు. ఆ యుద్ధం చెప్పే గ్రీకు కావ్యంలో హెక్టర్ చేతిలోనే పాట్రోక్లస్ చనిపోయాడు. ఇక్కడ ఇద్దరూ శత్రువుల నడుమ, గురుడికి అటొకరూ ఇటొకరుగా, ఎన్నటికీ ఎదురుపడకుండా తిరుగుతున్నారు. ఆ పేర్లని ఎవరూ మార్చకపోవడం నాకు మంచిపనిగానే అనిపిస్తుంది.

ఈ రెండు దండుల్లో ఇప్పటికి పది వేలకి పైగా రాళ్ళని గుర్తించారు. 2021 అక్టోబరులో బయల్దేరిన నాసావారి లూసీ నౌక 2027 ఆగస్టులో వాటిలో మొదటిదాన్ని చేరుతుంది. మళ్ళీ గోదావరి పుష్కరాలు వచ్చేదీ ఆ ఏడే. ఈ రెండు దండులవాళ్ళందరూ గురుడి దిక్కునే నడుస్తారు. ఆయనకి కాస్త ముందో కాస్త వెనకో ఉండి, ఆయన దగ్గరికి రాకుండా జాగ్రత్తపడతారు. దారిని పంచుకోవడానికి ఇది తెలిసిన పద్ధతి. పెద్దవాడితోపాటు నడవాలంటే దూరం పాటిస్తూ వెంట నడవాలి.

ఎదురురాయి పద్ధతి వేరు. దాని గురించి మా అక్క కూతురికి చెబితే ఆ పిల్ల మొదట అడిగింది ఇదే: “పిన్నీ, ఒకే రోడ్డు మీద ఎదురెదురు వస్తే గుద్దుకోవా?”

గుద్దుకోవాలి. గురుడు భూమికి 318 రెట్ల బరువున్నవాడు. సెకనుకి 13 కిలోమీటర్ల వేగంతో వస్తాడు. ఆయన దగ్గరికి వెళ్ళినవాటిని మింగుతాడు, లేదా విసిరేస్తాడు. ఎదురురాయి ఆయనకి ఒక చుట్టు కాలంలో రెండుసార్లు ఎదురుపడుతుంది. అంటే ఒక గోదావరి పుష్కరానికీ మరో గోదావరి పుష్కరానికీ నడుమ రెండుసార్లు, ఆరేళ్ళకొకసారి చొప్పున. ఇలా కనీసం పది లక్షల ఏళ్ళుగా జరుగుతోందని లెక్కలు చెబుతున్నాయి. లక్షా అరవై వేలకి పైగా ఎదురుపడడాలు. ఒక్కసారీ ఢీకొనలేదు.

ఎలా తప్పించుకుంటుందో ఆ పిల్లకి చెప్పడానికి నాకు జడకోలాటం గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్ళ దగ్గర చూసేవాళ్ళం. పైన ఒకచోట కట్టిన రంగురంగుల తాళ్ళు కిందికి వేలాడుతుంటాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాడు. సగంమంది ఇటు తిరుగుతారు, సగంమంది అటు. ఎదురొచ్చిన మొదటివాళ్ళని లోపలి పక్కనుంచి దాటుతారు, రెండోవాళ్ళని బయటి పక్కనుంచి, మళ్ళీ లోపలినుంచి, మళ్ళీ బయటినుంచి. పాట వేగం పెరిగినా ఎవరి భుజమూ ఎవరికీ తగలదు. పైన జడ అల్లుకుంటూ వస్తుంది. అందరూ ఒకే దిక్కున తిరిగితే తాళ్ళు పెనవేసుకుంటాయే కానీ జడ పడదు. జడ పడాలంటే సగంమంది ఎదురు రావాల్సిందే. కాలు తప్పకుండా లోపల, బయట, లోపల, బయట అన్న వరస పాటించాల్సిందే.

ఎదురురాయి చేసేది అదే. బృహస్పతి దారి దాదాపు గుండ్రం. సూర్యుడికి సుమారు 78 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఎదురురాయి దారి సాగిన గుడ్డు ఆకారం. ఒక కొసన సూర్యుడికి 48 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది, రెండో కొసన 106 కోట్ల కిలోమీటర్ల దూరం పోతుంది. గురుడు ఎదురయ్యే సమయానికి అది ఒకసారి ఆయన దారికి బాగా లోపల ఉంటుంది, తర్వాతిసారి బాగా బయట ఉంటుంది. ఎప్పుడూ భూమికీ సూర్యుడికీ ఉన్న దూరం కంటే ఎక్కువ ఎడంలోనే ఒకరినొకరు దాటుకుంటారు. లోపలినుంచి పోయినప్పుడు గురుడు దాన్ని బయటికి లాగుతాడు. బయటినుంచి పోయినప్పుడు లోపలికి లాగుతాడు. రెండు లాగుళ్ళూ చెల్లుకి చెల్లవుతాయి. పైగా ఎదురెదురు నడక కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు త్వరగా దాటేస్తారు. ఆయన పట్టు బిగిసేలోపు అది దూరమైపోతుంది. ఒకే దిక్కున నడిచేవాళ్ళు ఒకరి పక్కన ఒకరు ఎక్కువకాలం ఉండిపోయి ఆ లాగుడుకి గురవుతారు. అందుకే ఎదురు తిరిగే జోళ్ళు కొన్ని రకాల్లో మరింత గట్టిగా నిలబడతాయని లెక్కలు చేసినవాళ్ళు అంటున్నారు.

ఇక్కడ నన్ను బాగా పట్టేసిన విషయం ఒకటుంది. ఈ పొత్తుని గురుడు సహించి ఊరుకోవడం లేదు, నిలబెడుతున్నదే ఆయన. ఎదురురాయి ఒకవేళ రవ్వంత ఆలస్యంగా నడిస్తే, ఆయన లాగుడులో వచ్చే తేడా దాని కాలాన్ని సవరించి మళ్ళీ వరసలోకి తెస్తుంది. ముందుగా వచ్చినా అంతే. ఎన్నో తోకచుక్కల్ని సౌరకుటుంబం అవతలికి విసిరేసిన చేయి ఈ ఎదురు నడిచేదాన్ని మాత్రం చెదరకుండా పట్టుకుంటోంది. మనుషుల సంగతికి వస్తే, ఏకీభావం ఉంటేనే బంధం నిలుస్తుందని మనం గట్టిగా నమ్ముతాం. ఇంట్లో, ఊళ్ళో, పార్టీలో, సాహిత్యంలో, అన్నిచోట్లా ఒకే వైపు నడిచేవాళ్ళనే మనవాళ్ళనుకుంటాం. కానీ ఒకే వైపు నడిచి, పక్కపక్కనే ఉండి, ఒకరినొకరు లాక్కుని చెడిన స్నేహాలు ఎన్నో చూశాను. ఆలోచనల్లో పూర్తిగా ఎదురుగా ఉంటూ, ఏ మాట ఎప్పుడు అనాలో, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలో ఇద్దరూ ఎరిగి, ముప్ఫై నలభై ఏళ్ళు నిలబెట్టుకున్న బంధాలనీ చూశాను. వాటిలో కాలం తప్పకపోవడం అనే గుణం ఉంది. దాన్ని మనం స్నేహగుణాల్లో లెక్కించం, లెక్కించాలి.

ఇటువంటి రాయి ఉండగలదని ముందే చెప్పినవాళ్ళున్నారు. బ్రెజిల్‌లో పనిచేసే హెలెనా మొరైస్, ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పనిచేసే ఫతీ నమూనీ 2013లో లెక్కలు వేసి, గ్రహం దారిని ఎదురు నడకతో పంచుకోవడం సాధ్యమే, అది నిలకడగా ఉండగలదు అన్నారు. లగ్రాంజ్ ఊహ ఋజువు కావడానికి వందేళ్ళకి పైగా పట్టింది. వీళ్ళ ఊహకి నాలుగేళ్ళు చాలాయి. మొదట్లో ఎదురురాయి దారి ఎవరికీ కచ్చితంగా తెలియదు. కెనడాకి చెందిన పాల్ వీగెర్ట్, మార్టిన్ కానర్స్, అరిజోనాలోని పెద్ద జంట టెలిస్కోపుని అప్పట్లో నడుపుతున్న క్రిస్టియన్ వెయ్యే కలిసి దాన్ని మళ్ళీ పట్టి చూసి, గురుడితో దాని జోడీ నిజమని 2017 మార్చిలో నేచర్ పత్రికలో ప్రకటించారు. రెండు అద్దాలు, ఒక్కొక్కటి 8.4 మీటర్లు, ఇంత చిన్న చుక్క కోసం అంత కన్ను కావాల్సి వచ్చింది.

ఆ తర్వాత మొదలైంది అసలు తగువు: ఇది ఎక్కడి రాయి?

మన దగ్గర ఎవరైనా వింతగా నడుచుకుంటే “ఇంటా వంటా లేదు” అనేస్తాం. ఖగోళశాస్త్రంలోనూ అటువంటి అనుమానమే పుట్టింది. 2017 అక్టోబరులో అదే హాలేఅకలా మీది టెలిస్కోపుకి ఔమువామువా కనిపించింది. అది వేరే నక్షత్రం దగ్గరినుంచి వచ్చి మన సూర్యుడి పక్కనుంచి దూసుకుపోయిన మొదటి వస్తువు. పరాయి లోకాలనుంచి అతిథులు వస్తారని ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న రోజులవి. 2018 మేలో నమూనీ, మొరైస్ కలిసి ఒక పత్రం వెలువరించారు. ఎదురురాయి దారికి కొద్దికొద్ది తేడాలతో పది లక్షల నకళ్ళు తయారుచేసి, కంప్యూటర్లో వాటిని 450 కోట్ల ఏళ్ళు వెనక్కి నడిపించారు. చాలావరకు ఎక్కడికక్కడ చెల్లాచెదురయ్యాయి. కొన్ని మాత్రం గ్రహాలు పుట్టిన నాటిదాకా అదే ఎదురు నడకతో నిలిచాయి. అప్పటి పళ్ళెంలో ఎదురు తిరిగేది ఏదీ పుట్టి ఉండదు. కాబట్టి ఇది ఇక్కడ పుట్టినది కాదు, మరో నక్షత్రం దగ్గరినుంచి వచ్చి చిక్కుకున్నది అని వాళ్ళు తేల్చారు. పత్రికలకి పండగైంది. శాశ్వతంగా స్థిరపడిన మొట్టమొదటి పరదేశి అని శీర్షికలు పెట్టారు.

2020లో దానికి గట్టి జవాబు వచ్చింది. రాసిన నలుగురిలో ముందున్న అలెస్సాండ్రో మొర్బిడెల్లి, నమూనీ పనిచేసే నీస్ అబ్జర్వేటరీలోనే పనిచేసినవాడు. ఆ ఊళ్ళోని పరిశోధనశాలకి లగ్రాంజ్ పేరే పెట్టారు. వాళ్ళ వాదన ఇది. ఇటువంటి దారుల్లో చిన్న తేడా కాలం గడిచేకొద్దీ పెరిగిపోతుంది. ముందుకి నడిపినా వెనక్కి నడిపినా నకళ్ళు చెదిరిపోతాయి. అటువంటప్పుడు మొదటిదాకా మిగిలిన ఆ కొద్దిపాటి నకళ్ళు రాయి పుట్టుకకి సాక్ష్యం చెప్పలేవు. చాలా ఎక్కువ అవకాశం ఉన్నది ఏమిటంటే, అది ఈమధ్యనే, అంటే సౌరకుటుంబపు వయసుతో పోలిస్తే ఈమధ్యనే, ఆ దారిలోకి వచ్చి ఉంటుంది. కొన్నాళ్ళుండి వెళ్ళిపోతుంది. దాని స్థానంలోకి ఇంకొకటి వస్తుంది. తోకచుక్కలు వచ్చే చోటనుంచే ఇవీ వస్తాయి.

రెండు పక్షాల్లో నాకు రెండోదే సబబుగా తోస్తుంది. ఈ వాదన వెనక ఉన్న కథ తెలిసినప్పుడు మరీ.

తోకచుక్కల్లో చాలావాటి ఇల్లు ఊర్ట్ మేఘం. సూర్యుడికి చాలా దూరంలో, అన్ని దిక్కులా బంతిలా కమ్ముకుని ఉందని భావించే మంచురాళ్ళ గుంపు అది. ఆ రాళ్ళు అక్కడ పుట్టలేదు. అవి పుట్టింది ఇక్కడే, గ్రహాల మధ్యనే, అందరితోపాటు ఒకే దిక్కున తిరిగే ఆ పళ్ళెంలోనే. గ్రహాలు పెరిగి బరువెక్కాక, గురుడూ ఆయనతోటి మహాగ్రహాలూ వాటిని విసిరి పారేశాయి. కొన్ని శాశ్వతంగా పోయాయి. కొన్ని సూర్యుడి పట్టు సన్నగిల్లే ఆ చీకటి అంచున ఆగిపోయాయి. అక్కడ కోట్ల ఏళ్ళపాటు పాలపుంత లాగుడూ పక్కనుంచి పోయే నక్షత్రాల తాకిడీ వాటి దారుల్ని తిప్పేశాయి. ఇంటి దిక్కు ఏదో అవి మరచిపోయాయి. ఎప్పుడో ఒక తాకిడికి కదిలి లోపలికి వచ్చేటప్పుడు ఏ వైపునుంచైనా వస్తాయి. కొన్ని ఎదురుగా వస్తాయి.

ఎదురురాయి కథ నిజంగా ఇదే అయితే, ఆ రాయిని బయటికి గెంటినవాడు గురుడో ఆయన తోటివాడో అయి ఉండాలి. అది తిరిగి వచ్చింది. వచ్చేటప్పటికి దాని నడక మారిపోయింది. ఇప్పుడు ఆయన దారిలోనే, ఆయనకి ఎదురుగా, ఆయన కాలంతోనే తిరుగుతోంది. దాన్ని చూసి మనం పరాయిదంటున్నాం.

మా నాన్నగారి మేనత్త ఒకావిడ ఉండేవారు. నేను ఎరిగేనాటికే ముసలావిడ. పదిహేనో ఏట చదువుకుంటానని పట్టుబట్టి, ఇంట్లో ఒప్పుకోక, చివరికి ఇల్లు వదలవలసి వచ్చిందని చెప్పుకునేవారు. పట్నంలో చదివి, ఎన్నో ఏళ్ళు టీచరు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మా ఊరే వచ్చి ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. పూజలు చేసేవారు కాదు. ఆడపిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పేవారు. పెళ్ళిళ్ళలో కట్నం మాట వస్తే లేచి వెళ్ళిపోయేవారు. ఊళ్ళో అందరూ “ఎవరి పోలికో ఆవిడ, మీ ఇంట్లో ఇలాంటివాళ్ళు లేరే” అనేవారు. మా ఇంట్లోవాళ్ళు అదే మాట ఇంకాస్త మెల్లగా అనేవారు. ఆవిడ ఆ ఇంట్లోనే పుట్టారు. పదిహేనేళ్ళదాకా ఆ ఇంటి అన్నమే తిన్నారు. ఆవిడ నడక మారింది ఆ ఇల్లు ఆవిడని గెంటేసిన తర్వాతే. మా తాతగారికీ ఆవిడకీ ఏ విషయంలోనూ పొసగేది కాదు. అయినా ఆ వీధిలో ఆయన సాయంత్రం గుడికి వెళ్ళే వేళకి ఆవిడ అరుగు మీదనుంచి లేచి లోపలికి వెళ్ళడం, ఆయన జ్వరంతో పడుకుంటే ఆవిడ వచ్చి మంచం పక్కన కూర్చోవడం నేను చూశాను. ఇంకొకరు అలా కూర్చుంటే తాతగారు ఒప్పుకునేవారు కాదు.

పరాయితనం మీద నాకు కోపం లేదు. ఎదురురాయి నిజంగానే మరో నక్షత్రం దగ్గరినుంచి వచ్చి మన గురుడి జతలో చిక్కుకుని ఉంటే, అది ఇంకా గొప్ప సంగతి. నమూనీ, మొరైస్ చేసిన లెక్క ధైర్యమైనది. ఇటువంటి రాయి ఉంటుందని రాయి దొరకకముందే చెప్పినవాళ్ళు వాళ్ళు. ఆ మాటకి తగిన గౌరవం ఇవ్వాలి. నా అభ్యంతరం అంతా ఒక ఆలోచనా క్రమం మీద: ఇది మనకి ఎదురు నడుస్తోంది, కాబట్టి మనది కాదు. ఇంట్లోనుంచే ఎదురు నడక పుట్టగల దారి ఒకటి ఉందని, ఆ దారి తెలిసినదేనని, దాన్ని వేసింది ఇంటి పెద్దలేనని ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాత పరదేశి అనే మాట ఎత్తవచ్చు.

ఇది తేలడానికి ఎవరైనా అక్కడికి వెళ్ళి రాతిముక్క తేవచ్చు కదా అనిపిస్తుంది. అది మామూలు పని కాదు. భూమి మీదనుంచి లేచే ఏ నౌకైనా భూమి వేగాన్ని, సెకనుకి 30 కిలోమీటర్లని, వెంట తీసుకుని బయల్దేరుతుంది. ఆ వేగం అందరూ తిరిగే దిక్కులోనే ఉంటుంది. ఎదురురాయి పక్కన నిలవాలంటే దాన్నంతా చెరిపేసుకుని మళ్ళీ అటు దిక్కున పరుగందుకోవాలి. ఇప్పటి ఇంధనాలతో అది చాలా కష్టం. మహా అయితే ఎదురెదురుగా దూసుకుపోతూ నాలుగు ఫొటోలు తీసుకోవచ్చు.

ఉన్న మార్గం ఒకటే: ఇటువంటివి ఇంకా వెతకడం. ఒక్క రాయిని పట్టుకుని దాని వంశం చెప్పడం కష్టం. పది దొరికితే చెప్పొచ్చు. ఎదురు తిరిగే జతగాళ్ళు గురుడికి ఎంతమంది ఉన్నారో, శనికి ఉన్నారో లేదో తెలిస్తే, తోకచుక్కల ఇంటినుంచి వచ్చిపోయేవాటి లెక్కకి ఆ సంఖ్య సరిపోతుందో లేదో చూడొచ్చు. చిలీలోని సెర్రో పచోన్ కొండ మీద వీరా రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తన మొదటి చిత్రాలు విడుదల చేసింది. 8.4 మీటర్ల అద్దం, 320 కోట్ల పిక్సెళ్ళ కెమెరా. దక్షిణాకాశం మొత్తాన్ని కొద్ది రాత్రులకొకసారి చొప్పున పదేళ్ళపాటు చూస్తూనే ఉండాలన్నది దాని పని. హాలేఅకలా టెలిస్కోపుకి అందనంత మసకవి దానికి అందుతాయి. ఆ పదేళ్ళు ముగిసేలోపు గురుడు సింహంలోకి ఒకసారి వచ్చి వెళ్ళి ఉంటాడు, ఎదురురాయి ఆయన్ని లోపలి పక్కనుంచో బయటి పక్కనుంచో మరోసారి దాటి ఉంటుంది. ఇలా ఒక గ్రహం దారిలోనే ఎదురు నడిచే రెండో రాయి దొరికిందన్న వార్త కోసం నేను ఎదురుచూస్తున్నాను. దొరికితే మా అక్క కూతురికి మొదట ఫోన్ చేస్తాను.